విహారం: తిరగడమా, ఉండడమా?

ప్రశ్న: దొనకొండ మండలం చందవరం బౌద్ధ క్షేత్రానికి బడిపిల్లలను తీసుకువెళ్ళినప్పుడు కలిగిన సందేహమిది. మేము నోటీసులో “విహారయాత్ర” అని రాశాము. గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ ఎక్కి మహాస్తూపం చుట్టూ నడుస్తూ, బౌద్ధ భిక్షువులు నివసించే కట్టడాన్ని విహారం అంటారని చెప్పగానే, ఒక ఏడో తరగతి పిల్ల ఆగి, “అయితే వాళ్ళు కూడా సరదాగా తిరగడానికే వచ్చారా, టీచర్?” అని అడిగింది. ఈ రెండు అర్థాలకూ పొత్తు ఎలా కుదిరిందో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: అమ్మా, ఆ పిల్ల సరైన చోటే ఆగింది. ‘హృ’ ధాతువు ముందు ఉపసర్గ మారితే అర్థం ఎంత దూరం పోతుందో చూపడానికి ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అనే ఐదు మాటలను పండితులు ఒకే వరుసలో చెప్తారు. వాటిలో విహారమంటే సంచరించడమే. భిక్షువు ఏ ఊరికీ కట్టుబడక తిరగవలసినవాడు; అయితే వానాకాలంలో దారులు చెడిపోతాయి, లేత మొలకలూ పురుగులూ కాళ్ళ కింద నలుగుతాయి కనుక, ఆ మూడు నెలలూ ఒకచోట నిలవాలన్న వర్షావాస నియమం ఏర్పడింది. పాళీ సుత్తాల్లో, అంటే పాళీ భాషలోని బుద్ధబోధల్లో, బుద్ధుడు సావత్థి (శ్రావస్తి) నగరంలో ‘విహరతి’ అంటే అక్కడ ఉంటున్నాడనే అర్థం. తిరిగేవాడు ఆగి ఉండడాన్ని చెప్పే ఆ మాటే చివరకు అతడు ఉండే ఇంటికి పేరయింది. నాకు ఈ మాట మీద ఇంత మమకారం అందుకే. బీహారు రాష్ట్రం పేరు కూడా దీని నుంచి వచ్చినదే.

కట్టడపు తీరు పిల్లలకు చెప్పాలంటే మన మండువా లోగిలిని తలచుకోమనండి. నడుమ ఆరుబయలు, చుట్టూ స్తంభాల వసారా, వసారాలోకి తెరుచుకునే చిన్న చిన్న గదులు. స్తూపం ప్రదక్షిణకు, చైత్యగృహం ఉపాసనకు, విహారం నివాసానికి. ఇవన్నీ కలిసిన ఆవరణ సంఘారామం. అనకాపల్లి దగ్గరి శంకరం ఊరి పేరు ఆ మాట అరిగి ఏర్పడిందేనని చరిత్రకారులు చెప్తారు. శాతవాహనుల కాలపు చందవరాన్ని 1964లో గుర్తించినవారు వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు; ఆయన పేరు కూడా పిల్లలకు తప్పక చెప్పండి.

ప్రశ్న: అయితే నోటీసులో మాట మార్చాలా, మాస్టారూ?

సమాధానం: అక్కరలేదమ్మా. యాత్రకు జోడించినప్పుడు పాత అర్థమే పలుకుతోంది, అది తప్పు కాదు. ఆ పిల్లకు మాత్రం వానాకాలం సంగతితో మొదలుపెట్టి చెప్పండి.