ద్రౌపది పద్యం చెప్పేటప్పుడు ‘గోడలైతి’ ముందు ఆగొద్దు

పద్యప్రియ: నటన కోర్సు ప్రవేశ పరీక్షకి ఒక అమ్మాయి తిక్కన ఉద్యోగపర్వంలో ద్రౌపది కృష్ణుడితో అనే మాటలు సిద్ధం చేస్తోంది. రాగం తియ్యకూడదు, మాటలా చెప్పాలి. పాదం చివర ఆగితే అర్థం చెడుతోంది, ఆగకపోతే ఊపిరి చాలడం లేదు. ఎక్కడ ఆగాలో తెలిసినవారు చెప్పండి.

వరమునఁ బుట్టితిన్ భరతవంశముఁ జొచ్చితి నందుఁ బాండు భూ
వరునకుఁ గోడలైతి జనవంద్యులఁ బొందితి నీతి విక్రమ
స్థిరులగు పుత్రులం బడసితిన్ సహజన్ముల ప్రాపు గాంచితిన్
సరసిజనాభ యిన్నిటఁ బ్రశస్తికి నెక్కిన దాన నెంతయున్

అరసున్న: చంపకమాల, పాదానికి 21 అక్షరాలు, 11వ అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు. యతి దగ్గర ఆగాలనే అలవాటుంటే ముందు అది మానిపించండి. మొదటి పాదంలో యతి ‘భరతవంశము’ మధ్యలో పడింది. రెండో పాదంలో ‘జనవంద్యుల’ని చీలుస్తుంది. యతి చెవికి వినబడాల్సిన మైత్రి, అంతేగాని విరామం కాదు.

పాదం చివర కూడా ఇదే గొడవ. ‘భూవరునకు’ రెండు పాదాల మధ్య విరిగింది, ‘నీతివిక్రమస్థిరులు’ కూడా అంతే. ‘పాండు భూ’ అని ఆగితే వినేవాడికి ‘భూ’ గాల్లో వేలాడుతుంది. కాగితం మీద పద్యాన్ని పాదాలుగా రాసి బట్టీ పట్టొద్దు. ఇలా రాసుకోమనండి:

వరమునఁ బుట్టితిన్ / భరతవంశముఁ జొచ్చితిన్ // అందుఁ బాండుభూవరునకుఁ గోడలైతి / జనవంద్యులఁ బొందితి // నీతివిక్రమస్థిరులగు పుత్రులం బడసితిన్ / సహజన్ముల ప్రాపు గాంచితిన్ // సరసిజనాభ! / యిన్నిటఁ బ్రశస్తికి నెక్కినదాన నెంతయున్.

రెండు గీతల దగ్గర ఊపిరి తీసుకోవాలి, ఒక్క గీత దగ్గర గొంతు ఆగితే చాలు. అన్నిటికన్నా పొడుగు ముక్క ‘నీతివిక్రమ’ నుంచి ‘బడసితిన్’ దాకా, 16 అక్షరాలు. అందుకే దాని ముందు నిండుగా పీల్చాలి.

ఇక అసలు ప్రమాదం సరళాదేశంతో, అంటే నకారం తరవాత క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడంతో. ‘వరునకున్’ ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కాబట్టి వెనకొచ్చిన ‘కోడలు’ ‘గోడలు’ అయింది. రెండూ కలిపి చెప్పినంతసేపూ బాగానే ఉంటుంది. మధ్యలో ఆగి ‘గోడలైతి’ అన్నారో, ద్రౌపది పాండురాజు ఇంటి గోడలైపోతుంది! ‘బొందితి’ ముందు ఆగినా అంతే, బొంది గుర్తొస్తుంది. ఆగక తప్పదనుకుంటే సంధి విడగొట్టి ‘కోడలైతి’, ‘పొందితి’ అనాలి. ‘చొచ్చితి నందు’ దగ్గర ఆగితే నకారాన్ని ముందున్న ‘చొచ్చితి’కి ఇచ్చేయండి. లేకపోతే ‘నందు’ ఎవరు అనిపిస్తుంది. అరసున్నని (ఁ) పలకక్కర్లేదు, ముక్కుతో సాగదీస్తే ఇంకా వింతగా ఉంటుంది.

తెరవెనక: ఊపిరి సంగతి బాగా చెప్పారు. నటన వైపు నుంచి నాలుగు మాటలు.

ఇందులో ఆరు భాగ్యాలున్నాయి: పుట్టుక, వంశం, మామగారు, భర్తలు, కొడుకులు, తోబుట్టువులు. ఆరూ ‘తి’తోనే ముగుస్తాయి. ఆరుసార్లూ గొంతు ఒకే తీరుగా దించితే సరుకుల చీటీ చదివినట్టుంటుంది. ఇంకో తప్పు, మొదటి మాట నుంచే ఎత్తిపొడుపు మొదలుపెట్టడం. ఈ పద్యంలో వెటకారం బయటపడకూడదు. భీముడంతటివాడే కౌరవులతో సంధి గురించి మెత్తగా మాట్లాడాక ఆమె నోరు విప్పింది. కాబట్టి ఇది లెక్క అప్పజెబుతున్న గొంతు. కోపం తరవాతి పద్యానికి దాచుకోవాలి. పరీక్షలో ఈ ఒక్క పద్యంతో ఆపేస్తే సగమే చెప్పినట్టు, రెండోది కూడా కలపండి:

నీవు సుభద్రకంటెఁ గడు నెయ్యము గారవముం దలిర్ప సం
భావన సేయు దిట్టి ననుఁ బంకజనాభ యొకండు రాజసూ
యావభృథంబునందు శుచియై పెనుపొందిన వేణి పట్టి యీ
యేవురుఁ జూడఁగా సభకు నీడ్చెఁ గులాంగన నిట్లొనర్తురే

ఇది ఉత్పలమాల, పాదానికి 20 అక్షరాలు. చూడండి, దుశ్శాసనుడి పేరే ఎత్తలేదు, ‘ఒకండు’ అంది. ఆ కర్తకి క్రియ నాలుగో పాదంలో గాని రాదు. ‘ఒకండు’ని తేలిగ్గా దాటేస్తే ‘ఈడ్చె’ దగ్గరికి వచ్చేసరికి ఈడ్చిందెవరో వినేవాళ్లకి అందదు. అక్కడ చిన్న నొక్కు, తరవాత చిన్న ఆగు. ‘అవభృథం’ (యాగం చివర చేసే స్నానం) విడిగా పదిసార్లు పలికించండి. భృ, థ రెండూ ఒత్తులే. తొందరలో ‘అవబ్రుదం’ అయిపోతుంది.

ఇక ‘యీ / యేవురు’. మొదటి పద్యంలో పాదం చివర ఆగొద్దన్నారు, ఇక్కడ మాత్రం ఆగాలి. ‘యీ…’ అని పట్టి, చూపు ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పి, అప్పుడు ‘యేవురుఁ జూడఁగా’ అనాలి. ఇది పండాలంటే అంతకుముందు ‘జనవంద్యులఁ బొందితి’ అన్నప్పుడు భర్తల వైపు చూడకూడదు, చూపంతా కృష్ణుడి మీదే ఉండాలి. వేలు చూపించడం అనవసరం, కళ్లు చాలు.

పద్యప్రియ: ‘సభకు నీడ్చె’ గట్టిగా అరిచి చెప్పాలా? తను అక్కడే గొంతు పెంచుతోంది.

తెరవెనక: వద్దండీ. అరిస్తే ‘డ్చె’ విడిపోయి ‘ఈడిచె’ అవుతుంది. ఛందస్సూ పోయింది, మాటా పోయింది. స్వరం దించి, పళ్ల మధ్య బిగించి పలికితే సంయుక్తాక్షరం తన పని తాను చేస్తుంది. గొంతు పెంచాలనే ఉంటే ‘కులాంగన’ దగ్గర పెంచమనండి, అక్కడ ‘లాం’ దీర్ఘం మీద బిందువుంది, నాదం నిలుస్తుంది.

అరసున్న: నేను ముందు చెప్పినదానికే ఒక్క సవరణ. ‘చొచ్చితిన్ // అందు’ అని విడగొడితే ‘తి’ గురువై లయ తప్పుతుంది. పరీక్షకి మాటలా చెప్పేటప్పుడు పరవాలేదు. రేపు ఇదే పద్యం హార్మోనియం మీద పాడాల్సొస్తే సంధి విప్పకుండా ‘జొచ్చితినందు’ అని ఒకే ఊపులో లాగి, ఊపిరి ‘బొందితి’ తరవాత తీసుకోవాలి. ఆడగొంతుకి ఐదో శ్రుతి (హార్మోనియంలో ఐదో తెల్లమెట్టు) దగ్గర మొదలుపెట్టి చూసుకుంటే మేలు. మగవాళ్లకి పెట్టిన శ్రుతిలోనే పాడిస్తే కింది స్వరాల్లో మాట నలిగిపోతుంది.

పద్యప్రియ: రెండు పద్యాలకీ ఎంతసేపు పడుతుంది? రెండు నిమిషాలు ఇస్తారట.

తెరవెనక: 84, 80 కలిపి 164 అక్షరాలు. సెకనుకి నాలుగు చొప్పున చెప్పినా 41 సెకన్లు, ఆగులతో కలిపి నిమిషం. రెండు పద్యాల మధ్య మూడు నాలుగు సెకన్ల మౌనం పెట్టొచ్చు. మిగిలిన టైముని రాగంతో నింపొద్దని చెప్పండి.