బెజవాడ చలికి మూడు నెలలు నిండని బాబుకి ఫ్యాన్ వెయ్యొచ్చా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

రైవస్ కాలువ గట్టు:

అందరికీ నమస్తే. మాకు బాబు, పుట్టి పదకొండు వారాలు. పురుడు గుంటూరు కొత్తపేటలో మా అమ్మ వాళ్లింట్లో జరిగింది. మూడో నెల వచ్చిందని పది రోజుల క్రితం సత్యనారాయణపురంలో అత్తగారింటికి తీసుకొచ్చారు. వచ్చిన రెండో రోజు నుంచి వీడికి ముక్కు గురగుర. జ్వరం లేదు. పాలు తాగుతాడు కానీ నాలుగు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తాడు, మళ్లీ పడతాడు, మళ్లీ వదిలేస్తాడు, ఇలా గంటసేపు, ఆ గంట అయ్యేసరికి మళ్లీ ఆకలేస్తుంది.

మాది గ్రౌండ్ ఫ్లోర్, కాలువ దగ్గర. దోమల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని సాయంత్రం ఐదింటికే కిటికీలు వేసేస్తారు. ఫ్యాన్ వెయ్యనివ్వరు, చలిగాలి తగిలితే నెమ్ము చేస్తుందంటారు అత్తయ్య. బాబుకి స్వెట్టర్, మంకీ క్యాప్, చేతులకి కాళ్లకి మేజోళ్లు, పైన బొంత. లాల పోయగానే తలుపేసి సాంబ్రాణి పొగ. రాత్రి మంచం కింద దోమల చుట్ట. మొన్న రాత్రి పాలకి లేచి టోపీ తీసి చూస్తే జుట్టంతా తడిసి తలకి అంటుకుపోయింది, మెడ మడతల్లో నీళ్లు, వీపు మీద ఎర్రగా చెమటకాయలు. డిసెంబరులో చెమటకాయలేంటండీ! ఇంకో తమాషా చెప్పనా, పొత్తిగుడ్డలు మంచుకి ఆరడం లేదని హాల్లో మాత్రం వాటికోసం రాత్రంతా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. గుడ్డలకున్న అదృష్టం మాకు లేదు.

తెల్లవారుజామున కాస్త కన్ను పడిందనుకుంటే ధనుర్మాసం కదా, ఐదింటికే గుడి మైకు. నాకు చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచినీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని రోజుకి నాలుగు గ్లాసుల లెక్క. నిన్న బాత్రూంలో కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను, ఆ చప్పుడుకి వాడు లేచాడు.

అత్తయ్య చెడ్డవారు కాదు, నా పథ్యం కూర ఆవిడే వండి పెడతారు, వాడి గుడ్డలన్నీ ఆవిడే ఉతుకుతారు. అందుకే గట్టిగా అనలేకపోతున్నా. ఫ్యాన్ వేస్తే నిజంగా ప్రమాదమా? సాంబ్రాణి మానెయ్యాలా? పది వారాల ఇంజెక్షన్లు కూడా జలుబుందని వాయిదా వేశారు, అది తప్పా? అన్నిటికంటే ముందు, ఇదంతా ఇంట్లో ఎలా చెప్పాలి?

ఇద్దరు పిల్లల బ్రాడీపేట అమ్మ:

చెల్లీ, నీ పోస్టు చదువుతుంటే నా మొదటి డిసెంబరు గుర్తొచ్చింది. మా పాపకి ఇదే గురగుర, ఇదే మంకీ క్యాప్. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన గుండె చూడకముందే అడిగిన మొదటి మాట, ఇంట్లో పొగ పెడుతున్నారా అని. చలి గురించి అడగనే లేదు. పాప టోపీ వాసన చూసి కనిపెట్టేశారు మరి! సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, పక్కింటి కట్టెల పొయ్యి, ఏదైనా పొగే. ఇంత చిన్నపిల్లలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, మనలాగా నోరు తెరిచి తీసుకోవడం వాళ్లకి ఇంకా సరిగా రాదు, ఆ కాస్త ముక్కు లోపల వాచినా పాలు తాగేటప్పుడు ఊపిరి ఆడక వదిలేసి ఏడుస్తారు. మీవాడు చేస్తున్నది అదే అయ్యుంటుంది.

మాకు ఉప్పునీటి చుక్కలు రాసిచ్చారు, సెలైన్ నేజల్ డ్రాప్స్ అంటే ఏ మందుల షాపులోనైనా ఇస్తారు, మందు కలిసినవి కాకుండా ఉత్త సెలైన్ అని చెప్పి తీసుకో. పాలకి పది నిమిషాల ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు. తుమ్ముతాడు, ఏడుస్తాడు, తర్వాత హాయిగా తాగుతాడు.

ఫ్యాన్ ఒకటో నంబరు మీద పెట్టు, మంచం సరిగ్గా దాని కింద లేకుండా కాస్త పక్కకి జరుపు. మన బెజవాడ, గుంటూరు చలి ఎంతని, రాత్రి బయట పద్దెనిమిదో ఇరవయ్యో, తలుపులు వేసిన గదిలో ఇంకా ఎక్కువే ఉంటుంది. చేతులు కాళ్లు చల్లగా ఉన్నాయని స్వెట్టర్లు వెయ్యకు, చంటిపిల్లలకి అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక వేలు పెట్టి చూడు. వెచ్చగా పొడిగా ఉంటే సరిపోయినట్టు, తడిగా ఉంటే ఒక పొర తీసెయ్. నువ్వు వేసుకున్నదానికి ఒక్క పొర ఎక్కువ, అంతే. టోపీ బయటికి తీసుకెళ్లేటప్పుడే, ఇంట్లో నిద్రలో వద్దు. దోమలకి గొడుగు దోమతెర కొనుక్కో, చీకటి పడకముందే వేసెయ్, చుట్ట అవసరమే ఉండదు.

పేరులో ఏముంది:

పొగ వల్ల ఏమీ కాదండీ. మేమంతా సాంబ్రాణి పొగలోనే పెరిగాం, బానే ఉన్నాం కదా.

ఇద్దరు పిల్లల బ్రాడీపేట అమ్మ:

మీ పెంకుటింట్లో పొగ పైకప్పు సందుల్లోంచి పోయేది బాబూ. వాళ్లది శ్లాబు గది, పదికి పది, ఐదింటికే కిటికీలు మూసేస్తున్నారు. ఒక్కరోజు అందులో పడుకుని వచ్చి మాట్లాడండి.

ఆటోనగర్ నాన్న:

ముందు ఈ పేజీ మీ ఆయనకి చూపించండి. నేను మగవాడినే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా, వాళ్లమ్మకి చెప్పాల్సింది ఆయన, మీరు కాదు. మా ఇంట్లో కూడా ఇదంతా ఆడవాళ్ల వ్యవహారం అని నేను హాల్లో చాప వేసుకుని పడుకునేవాణ్ని, ఫ్యాన్ కింద. ఒకరోజు మా ఆవిడకి జ్వరం వస్తే పాపతో ఆ గదిలో నేను పడుకోవాల్సి వచ్చింది. రాత్రి పన్నెండుకల్లా నా బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. పాప స్వెట్టర్‌లో ఉంది!

వాదన పెట్టుకోలేదు. గోడకి తగిలించే థర్మామీటర్ ఒకటి తెచ్చి గదిలో పెట్టా. రాత్రి బయట 19 ఉంటే లోపల 27 చూపించింది. మా అమ్మ రెండు రోజులు దాన్ని నమ్మలేదు, మూడోరోజు నుంచి ఆవిడే ఫోన్లో మా పిన్నికి చెప్తోంది, ఇవాళ ఇరవయ్యారే చెల్లీ, టోపీ తీసేశా అని.

ఇంకోటి. రాత్రి పది నుంచి రెండు దాకా పాప నాది. పాలకి మాత్రం మా ఆవిడ దగ్గర పడుకోబెడతా, తాగాక తేపు తెప్పించడం, గుడ్డలు మార్చడం, భుజం మీద వేసుకుని తిప్పడం అంతా నేనే. షాపులో పొద్దున కళ్లు మూతలు పడతాయి, నిజమే. కానీ మనిషికి వరసగా నాలుగు గంటల నిద్ర లేకపోతే కుళాయి తిప్పి ఏడవడమే మిగులుతుంది. ఆ ఒక్క లైను చదివి ఇదంతా రాస్తున్నా.

స్టాఫ్ నర్సు, గుంటూరు:

గురగుర చాలావరకు భయపడాల్సింది కాదు, కానీ ఎప్పుడు భయపడాలో తెలిసుండాలి. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు, ఈ వయసులో ఊపిరి ఒకసారి వేగంగా ఒకసారి ఆగినట్టుగా ఉంటుంది. రెండు నెలల లోపు అరవై, రెండు నెలలు దాటాక యాభై, అంతకి తగ్గకుండా ఉంటే చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు పూర్తిగా మానేసి మగతగా పడున్నా అర్ధరాత్రైనా ఆగొద్దు, 108 కి ఫోన్ చెయ్యండి. మూడు నెలల లోపు బిడ్డకి ఒళ్లు 100.4 గానీ అంతకి మించి గానీ ఉంటే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోకూడదు, అదే రోజు డాక్టరుకి చూపించాలి. రోజుకి ఆరేడుసార్లు పాస్ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

ముక్కులో నూనె చుక్కలు, నోటితో ఊదడం, కర్పూరం కలిపిన నూనె, ఛాతీకి ఘాటు బామ్‌లు, షాపువాడిచ్చే దగ్గు సిరప్, ఏవీ వద్దు. గొంతుకి మంచిదని తేనె నాకించడం అసలే వద్దు, ఏడాది నిండేదాకా. పక్కలో బొంతలు దిండ్లు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టండి.

ఇంజెక్షన్లు వాయిదా వెయ్యడం తప్పే. జ్వరం లేని మామూలు జలుబుకి టీకా ఆపక్కర్లేదు. పది వారాలవి వెంటనే వేయించండి, మీ అర్బన్ హెల్త్ సెంటర్లో ఉచితమే. వేయించాక ఒకరోజు ఒళ్లు కాస్త వెచ్చబడితే కంగారు పడొద్దు, జ్వరం మందు ఎంత వెయ్యాలో బరువు చూసి అక్కడే చెప్తారు. మీరు మంచినీళ్లు దాహమైనంత తాగండి, పాలిచ్చే తల్లికి నాలుగు గ్లాసుల లెక్కేంటి!

కొల్లిపర అమ్మమ్మ:

మా మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నా. నా చేతుల మీద ఆరుగురు చంటిపిల్లలకి లాలపోశాను, సాంబ్రాణి వేశాను, వద్దని ఇప్పుడు అంటున్నాను అంటే కోపంతో కాదు తల్లీ. మాది పొలాల పక్కన తాటాకిల్లు, నాలుగు వైపులా చలిగాలి కొట్టేది, తడితల ఆరడానికీ, దోమలు పోవడానికీ నిప్పుల మీద చిటికెడు గుగ్గిలం వేసేవాళ్లం, గంపకింద పొగలాగ మూసి పెట్టేవాళ్లం కాదు. ఇప్పుడు మా కోడలి అపార్ట్‌మెంటులో వేస్తే నాకే దగ్గొచ్చింది.

మీ అత్తగారి చేతిలోంచి పనులు లాక్కోకు. సాంబ్రాణి వద్దని చెప్పిన నోటితోనే ఇంకో పని అడుగు. ఎండెక్కాక, పదింటికి, కిటికీలోంచి ఎండపడే చోట కాళ్లు చాపుకుని కూచుని, బిడ్డని కాళ్ల మీద వేసుకుని గోరువెచ్చని కొబ్బరి నూనెతో నిదానంగా ఒళ్లు పట్టమను. ముక్కులో చెవుల్లో మాత్రం పొయ్యొద్దు. నీళ్లు మోచేత్తో చూసి పోసి, గబగబా తల తుడిచేస్తే చాలు, పొగతో ఆరబెట్టే పనే లేదు. సాయంత్రం లాల పోసి చలిలో తడితల పెట్టుకుని కూచోబెట్టడం ఎందుకు అసలు?

భోగి వస్తోంది. తెల్లారగట్ల మంటల్లో ఈమధ్య కుర్రాళ్లు టైర్లు కూడా పడేస్తున్నారు, ఆ పొగ తగ్గేదాకా కిటికీలు తియ్యకు, మంట చూపిస్తామని బిడ్డని ఎవరెత్తుకున్నా ఇవ్వకు. సాయంత్రం భోగిపళ్లు పొయ్యండి, శుభ్రంగా పొయ్యండి, కానీ ఇంత పసివాడికి బంతిరెక్కలు ఎక్కువ, రేగుపళ్లు నాలుగే. చిల్లర నాణేలు, నానబెట్టిన శనగలు వాడి మీద పోస్తే ఒళ్లో జారి ఎక్కడ పడ్డాయో తెలీదు, పక్కనున్న పెద్దపిల్లలు నోట్లో పెడతారు. అవి పళ్లెంలో పెట్టి పేరంటాళ్లకి ఇచ్చెయ్యండి.

రైవస్ కాలువ గట్టు:

వారం తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోకండి, రెండు చేతులూ ఖాళీగా దొరకడమే గగనం. ఈ పేజీ మా ఆయనకి చూపించాను. ఏమీ మాట్లాడలేదు, ఆ రాత్రి దిండు తీసుకుని మా గదిలోకి వచ్చి పడుకున్నారు. తెల్లారి అత్తయ్యతో అమ్మా ఆ గదిలో మనిషి బతకడు అన్నారు. అంతే. ఆవిడ మొహం మాడ్చుకున్నారు, రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. అది జరక్కుండా ఉంటే బావుండేది.

ఇంజెక్షన్లు వేయించాం. రాత్రి 99 దాకా వెళ్లి పొద్దునకి తగ్గింది. అత్తయ్య తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు, అప్పుడే మాటలు మళ్లీ కలిశాయి. కొల్లిపర అమ్మమ్మగారూ, మీరు చెప్పినట్టే పదింటి ఎండలో ఒళ్లు పట్టే పని ఆవిడకి అప్పగించా, వీడు ఆవిడ మోకాళ్ల మధ్య పడుకుని పైకి చూస్తూ ఊఁ ఊఁ అని కబుర్లు చెప్తున్నాడు, ఆ పావుగంట నేను స్నానం చేస్తున్నా, ఎవరూ పిలవకుండా.

గురగుర పూర్తిగా పోలేదు కానీ పాలు ఒక్క బిగిన తాగుతున్నాడు. చెమటకాయలు మాడిపోయాయి. ఊపిరి రెండుసార్లు లెక్కపెట్టా, నలభై లోపే. సాంబ్రాణి దేవుడి గది వరకే, తలుపేసి. ఫ్యాన్ ఒకటో నంబరు. కాళ్ల మేజోళ్ల దగ్గర మాత్రం నేనే తగ్గాను, అవి వేసుకోనీ పోనీ.

ఇప్పుడు హాల్లో ఫ్యాన్ కింద గుడ్డలు ఆరుతున్నాయి, గదిలో ఫ్యాన్ కింద మేం ఆరుతున్నాం, కరెంటు బిల్లు చూసి మావయ్య గారు ఏమంటారో చూడాలి. పొత్తిగుడ్డలు ఇంకో పద్ధతిలో ఆరబెట్టే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మంచు పడే వేళకి డాబా మీంచి తీసినా చెమ్మగానే ఉంటున్నాయి.