బాబుకి మాటలు ఆలస్యం: ఇంగ్లండ్‌లో ఈఎన్‌టీకి ఎప్పుడు చూపించాలి?

స్విండన్ నుంచి:

అందరికీ నమస్కారం. మావారి వర్క్ వీసా మీద ఈ వేసవిలో కరీంనగర్ నుంచి వచ్చాం. బాబుకి రెండున్నరేళ్లు. అమ్మ, నాన్న, తాత, పాలు, బువ్వ... ఇలా లెక్కపెడితే ఇరవై మాటలు దాటవు. రెండు మాటలు కలిపి ఇంతవరకూ అనలేదు. వెనక నుంచి పిలిస్తే ఒకసారి తిరుగుతాడు, ఒకసారి తిరగడు. నర్సరీలో వేసినప్పటి నుంచి జలుబు వదలడం లేదు. మా అత్తయ్య "వాళ్ల నాన్నకీ మూడేళ్లు నిండాకే మాటలొచ్చాయి, కంగారు పడకు" అంటున్నారు. మన ఊళ్లో అయితే ఈపాటికి ఈఎన్‌టీ దగ్గర చీటీ రాయించుకుని చూపించేసేవాళ్లం. ఇక్కడ నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లనివ్వరట, ముందు జీపీ, అంటే మన పేరు రాయించుకున్న ఫ్యామిలీ డాక్టర్, రాసి పంపాలట. ఇంకొన్నాళ్లు ఆగాలా, జీపీని అడగాలా, ప్రైవేటులో చూపించాలా? సంక్రాంతికి వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో చూపిస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

లెస్టర్ నుంచి:

చెల్లెమ్మా, ముందు బాబు పేరు జీపీ దగ్గర రాయించారా లేదా చెప్పండి. కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు, బ్యాంకు, స్కూలు అంటూ తిరుగుతూ దీన్ని చివరికి నెట్టేస్తారు. వీసాకి హెల్త్ సర్‌ఛార్జ్ పిల్లలకి కూడా ఏడాదికి 776 పౌండ్ల లెక్కన కట్టే వచ్చారు కదా, మొహమాటం ఎందుకు? ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో, చూపించుకుంటే రేపు వీసా దగ్గర తేడా వస్తుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. వీసా మీద ఉండే పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భత్యాలు) వాడకూడదన్న షరతులోకి వైద్యం రాదు. కాకపోతే కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బిల్లు లేనిదే జీపీ వాళ్లు తీసుకోరు, అది చేతిలో పెట్టుకోండి.

మీరు అడగలేదు కానీ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మాటల సంగతి వారం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. కొన్నింటికి మాత్రం జీపీ కోసం చూస్తూ కూర్చోకూడదు. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోవడం, పెదాలు నీలంగా మారడం, ఎంత లేపినా లేవకపోవడం, గాజు గ్లాసుతో అదిమి చూసినా మాయం కాని మచ్చలు... వీటిలో ఏది కనిపించినా 999, అంటే అంబులెన్స్ నంబర్, చేయాలి. మూడు నెలలు నిండని పసివాళ్లకి జ్వరం 38 డిగ్రీలకి వస్తే ఆ రోజే చూపించాలి. ఎటూ తేలకపోతే 111 అనే వైద్య సలహా నంబర్‌కి చేయండి, అర్ధరాత్రి అయినా పలుకుతారు. ఇంగ్లిష్‌తో ఇబ్బంది అయితే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

మిల్టన్ కీన్స్ నుంచి:

లెస్టర్ అన్నయ్య చెప్పింది అందరూ దాచుకోవాల్సిందే, కానీ ఆవిడ అడిగింది వేరు. అమ్మా, మీరు రాసిందాంట్లో మాటల కన్నా ముందు నాకు కనిపించింది చెవి. ఒకసారి తిరుగుతాడు, ఒకసారి తిరగడు, జలుబు వదలడం లేదు. మా పెద్దాడిది అచ్చంగా ఇదే కథ. వాడు కావాలనే పలకడం లేదని, మొండివాడని ఇంట్లో అందరూ అనేవారు.

దీన్ని ఇక్కడ గ్లూ ఇయర్ అంటారు. కర్ణభేరి వెనక జిగురుగా నీరు చేరుతుంది. నొప్పి ఉండాలని లేదు, జ్వరం ఉండదు, బయటికి ఏమీ కారదు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. పదేళ్లు వచ్చేలోపు పదిమంది పిల్లల్లో ఎనిమిది మందికి ఒక్కసారైనా వస్తుంది. ఎక్కువమందికి మూడు నెలల్లోపు దానంతట అదే తగ్గిపోతుంది. అందుకే ఇక్కడ డాక్టర్లు మొదటి పరీక్షలో తేడా కనిపించినా వెంటనే ఆపరేషన్ అనరు, మూడు నెలలు చూసి మళ్లీ పరీక్ష చేస్తారు. యాంటీబయాటిక్ కూడా రాయరు, దీనికి అది పనిచేయదు. మూడు నెలల తర్వాత కూడా వినికిడి తగ్గి ఉంటే అప్పుడు వినికిడి మిషనా, గ్రొమెట్సా (కర్ణభేరిలో వేసే చిన్న గొట్టాలు) అన్న మాట వస్తుంది.

కాబట్టి ఆగాలా వద్దా అన్నదానికి నా జవాబు: ఆపరేషన్ కోసం ఆగొచ్చు, పరీక్ష కోసం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఆ మూడు నెలల లెక్క పరీక్ష అయిన రోజు నుంచి మొదలవుతుంది. మీరు ఇంట్లో కూర్చుని ఆగిన నెలలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈఎన్‌టీ డాక్టరే కావాలని పట్టుబట్టకండి. పిల్లల వినికిడి పరీక్షకి రిఫర్ చేయమని జీపీని అడగండి. ఇంకో ముఖ్య విషయం, ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ పుట్టిన కొద్ది వారాల్లోపే వినికిడి పరీక్ష చేస్తారు. మనవైపు అన్ని ఆసుపత్రుల్లో అది లేదు. మీ బాబుకి చేయకపోయి ఉంటే ఆ ముక్క జీపీకి తప్పకుండా చెప్పండి, వాళ్లంతట వాళ్లకి తట్టదు.

పరీక్ష అంటే భయపడకండి. మావాణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టుకోమన్నారు. శబ్దం వినిపించినప్పుడల్లా చెక్క బొమ్మని పడవలో పెట్టాలని ముందు చేసి చూపించారు. పెద్ద శబ్దానికి టక్కున పెట్టాడు. శబ్దం తగ్గించేకొద్దీ బొమ్మ చేతిలో పట్టుకుని పరీక్ష చేసే ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెవిలో మెత్తటి బిరడాలాంటిది కొన్ని క్షణాలు పెట్టారు, కాగితం మీద కొండలా రావాల్సిన గీత రెండు చెవులకీ చదునుగా వచ్చింది, అంటే వెనక నీరు చేరి కర్ణభేరి కదలడం లేదని. అప్పటికి గానీ మా ఇంట్లో పెద్దవాళ్లకి నమ్మకం కుదరలేదు.

హౌన్‌స్లో నుంచి:

లెస్టర్ గారూ, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు లేకపోతే తీసుకోరన్నది తప్పు. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర పేరు రాయించడానికి అడ్రస్ ప్రూఫ్ గానీ, పాస్‌పోర్ట్ గానీ, వీసా కాగితం గానీ తప్పనిసరి కాదు. అవి లేవన్న కారణంతో కాదనకూడదని ఎన్‌హెచ్‌ఎస్ నియమమే ఉంది. రిసెప్షన్‌లో అడుగుతారు, అది నిజమే. మా దగ్గర లేవండీ, అవి లేకపోయినా రాసుకోవచ్చు కదా అని నెమ్మదిగా అంటే చాలు.

నేను చెప్పాలనుకున్నది ఉత్తరాల గురించి. మా పాపకి మెల్లకన్ను. నర్సరీలో టీచర్ గమనించి చెబితే జీపీ వెంటనే కంటి క్లినిక్‌కి రాశారు. ఈలోగా మేం ఇల్లు మారాం. జీపీ దగ్గర కొత్త అడ్రస్ ఇచ్చాం, వాళ్లు రాసుకున్నారు కూడా. కానీ ఆసుపత్రి కంప్యూటర్‌లో పాతదే ఉండిపోయింది. నెలలు గడిచినా కబురు లేదు. ఇక్కడ ఆలస్యం మామూలే అన్నారు అందరూ. నాకు మనసొప్పక పాత ఇంటి ఓనర్‌కి ఫోన్ చేశాను. డిపాజిట్ దగ్గర మాతో గొడవ పడ్డ మనిషి, ఉత్తరాలేం రాలేదని పెట్టేశాడు. ఒక ఆదివారం మేమే వెళ్లి తలుపు కొట్టాం. కొత్తగా దిగిన గుజరాతీ ఆవిడ మెట్ల కింద నుంచి ప్లాస్టిక్ సంచీ తెచ్చిచ్చింది. అపాయింట్‌మెంట్ ఉత్తరం, దాన్ని గుర్తు చేస్తూ ఇంకోటి, మూడోది మీరు రాలేదు కాబట్టి కేసు మూసేసి జీపీకి తిప్పి పంపుతున్నామని. ఆ ఓనరే వాటిని చెత్తలో వేయమని చెప్పాడట, పిల్ల పేరు చూసి ఆవిడ దాచింది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే కొత్త రిఫరల్ కావాలన్నారు, జీపీ రిసెప్షన్‌లో మళ్లీ మొదటి నుంచి క్యూ అన్నారు. నేను కదల్లేదు. డాక్టర్‌తోనే మాట్లాడతానని కూర్చున్నాను. ఆవిడ ఆ మూడు ఉత్తరాలూ చూసి, పాత తేదీ లెక్కలోనే చూడాలని క్లినిక్‌కి రాశారు. కంటికి ప్యాచ్ వేసే వైద్యం చిన్న వయసులో చేస్తేనే బాగా పనిచేస్తుంది, ఏడేళ్లు దాటాక అంత ఫలితం ఉండదు. అందుకే చెబుతున్నా. రిఫర్ చేసిన రెండు వారాలకి ఆసుపత్రి బుకింగ్ ఆఫీసుకి మీరే ఫోన్ చేసి, పేరు, అడ్రస్, మొబైల్ నంబర్ చదివించుకోండి. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో చూద్దామంటే పదమూడేళ్లలోపు పిల్లలకి సొంత ఖాతా ఉండదు. అమ్మానాన్నలకి ప్రాక్సీ యాక్సెస్ (బిడ్డ తరఫున చూసే అనుమతి) ఇమ్మని జీపీని అడగాలి.

బర్మింగ్‌హామ్ నుంచి:

ఇంత తతంగం ఎందుకండీ? సంక్రాంతికి ఎలాగూ వెళ్తున్నారు. హైదరాబాద్‌లో పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి వినికిడి పరీక్ష, ఈఎన్‌టీ, అన్నీ అయిపోతాయి. అవసరమైతే అదే వారం గ్రొమెట్స్ వేసేస్తారు. ఇక్కడ రిఫర్ చేసిన 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలని కాగితం మీద ఉంటుంది, జరిగేది వేరు. మా తమ్ముడి కొడుక్కి అలాగే చేయించాం, వాడిప్పుడు గలగలా మాట్లాడతాడు.

మిల్టన్ కీన్స్ నుంచి:

పరీక్ష చేయించుకుంటే తప్పు లేదు, రిపోర్టు తెచ్చి ఇక్కడ చూపించవచ్చు. ఆపరేషన్ దగ్గరే నాకు అభ్యంతరం. గ్రొమెట్స్ వేస్తే అవి మామూలుగా ఆరు నుంచి పన్నెండు నెలలు చెవిలో ఉండి వాటంతట అవే ఊడిపోతాయి. ఆ ఏడాదంతా చెవి చూసేదెవరు? చీము కారితే ఎవరి దగ్గరికి వెళ్తారు? పైగా మొదటిసారి చూసిన వారంలోనే వేయడమంటే, దానంతట అది తగ్గే అవకాశం బిడ్డకి ఇవ్వనట్టే. మీ తమ్ముడి కొడుకు బాగున్నాడు, సంతోషం. అందరికీ అదే దారి చెప్పకండి.

బర్మింగ్‌హామ్ నుంచి:

బిడ్డకి వినిపించకపోతే ఒక్కో నెలా విలువైనదే కదా. ఇక్కడ ఏడాది క్యూలో నిలబడ్డవాళ్లని నా కళ్లతో చూశాను. ఆ బాధ కూడా చెప్పాలి.

లెస్టర్ నుంచి:

ఇద్దరూ ఆగండి. వెళ్తే వెళ్లనివ్వండి, కానీ ఇక్కడి క్యూలో పేరు ఉంచుకునే వెళ్లాలి. ఊళ్లో లేని తేదీలు బుకింగ్ ఆఫీసుకి ముందే చెప్పాలి, లేకపోతే హౌన్‌స్లో వాళ్లకి జరిగినట్టే కేసు మూసేస్తారు. కౌన్సిల్ ట్యాక్స్ సంగతి సరిచేసినందుకు థ్యాంక్స్. మేం వచ్చిన రోజుల్లో అది లేకుండా కదలనిచ్చేవాళ్లు కాదు. ప్రైవేటు అంటే, ఆఫీసు ఇన్సూరెన్స్ ఉన్నా చాలా వాటిలో ముందు జీపీ ఉత్తరం అడుగుతారు, పాలసీ తీసుకోకముందే మొదలైన సమస్యలకి కొన్నింట్లో డబ్బివ్వరు. ఫోన్ చేసి కనుక్కున్నాకే వెళ్లండి.

రెడింగ్ నుంచి:

నేను నర్సరీలో పనిచేస్తాను, మాట ఆలస్యమైన పిల్లలతోనే నా రోజంతా గడుస్తుంది. వినికిడి పరీక్ష గురించి పైన చెప్పింది సరైనదే. దాంతో పాటే స్పీచ్ థెరపీకి కూడా పేరు పెట్టండి, ఒకటి తేలాక ఇంకోటి అని కూర్చోవద్దు. చాలా ప్రాంతాల్లో జీపీ ఉత్తరం లేకుండా తల్లిదండ్రులే స్పీచ్ థెరపీకి రాసుకోవచ్చు. మీ కౌన్సిల్ వైపు హెల్త్ విజిటర్, అంటే చిన్నపిల్లల ఎదుగుదల చూసే నర్సు, ఉంటారు. రెండు, రెండున్నరేళ్ల మధ్య పిల్లలందరికీ వాళ్లు చేసే పరీక్ష ఒకటి ఉంది, బయటి నుంచి వచ్చిన పిల్లల పేర్లు అందులో జారిపోతుంటాయి. మీరే ఫోన్ చేసి అడగండి.

రెండేళ్లకి ఓ యాభై మాటలు, రెండు మాటలు కలిపి అనడం ఉండాలని చూస్తాం. మీ బాబు లెక్క దానికి బాగా తక్కువ, కాబట్టి మూడేళ్ల దాకా ఆగమనడం సరికాదు. లెక్కపెట్టేటప్పుడు తెలుగు మాటలు, ఇంగ్లిష్ మాటలు రెండూ కలపండి. నర్సరీలో ఎవరైనా ఇంట్లో తెలుగు మానేయమంటే మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మీకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో ఎక్కువ మాట్లాడగలరు. ఇంకొన్ని చూడండి: కావాల్సినదాన్ని వేలితో చూపిస్తాడా? బొమ్మ తెచ్చి మీకు చూపించి మీ మొహం చూస్తాడా? బొమ్మకి బువ్వ పెడుతున్నట్టు ఆడతాడా? ఇవి లేకపోతే జీపీకి అదీ చెప్పాలి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ క్యూ కోసమూ ఆగకుండా వెంటనే చూపించాలి.

స్విండన్ నుంచి:

అందరికీ చాలా థ్యాంక్స్. వేలితో చూపిస్తాడు, బొమ్మలతో బాగా ఆడతాడు. పుట్టినప్పుడు వినికిడి పరీక్ష చేయలేదు, ఫైల్ తీసి చూశాను. ఇంకో డౌట్. రాత్రిళ్లు నోరు తెరుచుకుని గురక పెడతాడు, మధ్యలో ఊపిరి ఆగినట్టయి మళ్లీ గట్టిగా పీలుస్తాడు. జలుబు వల్లే అనుకుంటున్నాం. ఇది కూడా చెప్పాలా?

మిల్టన్ కీన్స్ నుంచి:

అది మొదటి వాక్యంలోనే చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం అంటే ముక్కు వెనక అడినాయిడ్స్ గానీ టాన్సిల్స్ గానీ పెరిగి ఉండొచ్చు, దానికి ఈఎన్‌టీ వాళ్లే చూడాలి. ఈ రాత్రే దుప్పటి తీసి, ఛాతీ, నోరు రెండూ కనిపించేలా, ఊపిరి ఆగి మళ్లీ అందుకునేదాకా ఫోన్‌లో వీడియో తీయండి. రేపు జీపీ ఆన్‌లైన్ ఫారంలో "నిద్రలో ఊపిరి ఆగుతోంది, వినికిడి మీద అనుమానం, పుట్టినప్పుడు పరీక్ష జరగలేదు, రెండున్నరేళ్లకి ఇరవై మాటలే" అని ఈ నాలుగూ ఇదే వరసలో రాసి, వీడియో ఉందని చెప్పండి. ఈ రాత్రి రంగు మారినా, ఊపిరికి అవస్థ పడుతున్నట్టు కనిపించినా రేపటిదాకా ఆగొద్దు, 999 చేయండి.