ఐఎస్, అల్‌ఖైదా, తాలిబాన్: ఇస్లాం ధర్మశాస్త్రం వీళ్లను ఏ కోవలో పెడుతుంది?

ప్రశ్న (తెల్లకాగితం)

ఈ సంస్థల పేరెత్తగానే చర్చ రెండు మాటల దగ్గర ఆగిపోతోంది. ‘వాళ్లసలు ముస్లింలే కారు’ అని ఒకరు, ‘అసలైన ఇస్లాం అదే’ అని ఇంకొకరు. నాకు రెండూ మింగుడు పడటం లేదు. వీళ్లది ఏ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం)? విశ్వాసం విషయంలో ఏ శాఖ? ఇంకో సందేహం. 2014 డిసెంబరులో ఈజిప్టులోని ప్రసిద్ధ సున్నీ విద్యాపీఠం అల్ అజ్‌హర్, ఐఎస్ (ఇస్లామిక్ స్టేట్) వాళ్లను మతభ్రష్టులుగా ప్రకటించడానికి ఒప్పుకోలేదు. అన్ని ఘోరాలను ఖండిస్తూనే ఆ ఒక్క మాట ఎందుకు అనలేదు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు (పాతసంచిక)

అల్ అజ్‌హర్ సంగతితోనే మొదలుపెడితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కలిమా (ఇస్లాం విశ్వాస ప్రకటన) చదివిన మనిషిని కాఫిర్ (అవిశ్వాసి) అని తేల్చడాన్ని తక్‌ఫీర్ అంటారు. దాన్ని తిట్టులాగా చూడకూడదు, అదొక తీర్పు. సంప్రదాయ ధర్మశాస్త్రం ప్రకారం ఆ తీర్పు పడితే పెళ్లి చెల్లదు, వారసత్వం తెగుతుంది, జనాజా నమాజు ఉండదు, ముస్లింల ఖబరస్తాన్‌లో చోటుండదు. ప్రాణం మీదికీ వస్తుంది. అందుకే సున్నీ పండితులు దానికి అడ్డుకట్టలు వేశారు. ఆ మనిషి తెలియక చేశాడా, బలవంతం మీద చేశాడా, పొరపాటున నోరు జారాడా, గ్రంథవాక్యాన్ని తప్పుగా అన్వయించుకుని చేశాడా అని చూడాలి. ఒక్కటి నిజమైనా తక్‌ఫీర్ చెల్లదు.

ఐఎస్ వాళ్లు కలిమా చదువుతారు, కిబ్లా (మక్కాలోని కాబా దిక్కు) వైపు తిరిగి నమాజు చేస్తారు, చేసే ప్రతి హత్యకూ ఒక వచనం చూపిస్తారు. పాపం ఎంత పెద్దదైనా దానంతటది మనిషిని మతం నుంచి బయటికి నెట్టదన్నది సున్నీల మూలసూత్రం. పాపాన్ని ధర్మమేనని నమ్మితే కుఫ్ర్ (అవిశ్వాసం) కాదా అని మీరు అడగొచ్చు. పైన చెప్పిన తప్పుడు అన్వయం అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే.

దీనికి మూలం పాతది. 657లో సిఫ్ఫీన్ యుద్ధంలో నాలుగో ఖలీఫా అలీ తన ప్రత్యర్థితో మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు ఆయన శిబిరంలోంచే కొందరు విడిపోయారు. తీర్పు చెప్పే హక్కు అల్లాహ్‌కే ఉందన్నది వాళ్ల నినాదం. ఘోరపాపం చేసినవాడు కాఫిరేనన్నారు. వీళ్లే ఖారిజీలు. 658లో నహ్రవాన్ దగ్గర అలీ వాళ్లను ఓడించారు. 661లో కూఫాలో వాళ్లలో ఒకడైన ఇబ్న్ ముల్జమ్ చేతిలోనే హతమయ్యారు. వాళ్లు కాఫిర్లా అని అడిగితే, ‘కుఫ్ర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు కదా’ అని అలీ అన్నట్టు సంప్రదాయం చెబుతుంది. అంటే పోరాడాలి, శిక్షించాలి, కానీ వెలివేయకూడదు.

అల్ అజ్‌హర్ నడిచింది ఈ దారిలోనే. మెతకగా వదిలేశారని మాత్రం అనుకోవద్దు. 2015 ఫిబ్రవరిలో జోర్డాన్ పైలట్‌ను సజీవదహనం చేసిన వీడియో బయటికొచ్చాక, భూమ్మీద కల్లోలం రేపేవాళ్లకు ఖురాన్ 5:33 చెప్పే శిక్షలే వీళ్లకూ తగినవని అల్ అజ్‌హర్ అధిపతి షేఖ్ అహ్మద్ అల్ తయ్యిబ్ ప్రకటించారు. అవి మరణశిక్ష, శిలువ, అవయవాలు నరకడం దాకా వెళ్లే శిక్షలు.

జవాబు (నిలువుగీత)

మజ్‌హబ్ గురించి నేను చెబుతాను. ముందు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం మానాలి.

తాలిబాన్ హనఫీ మజ్‌హబ్ (నాలుగు సున్నీ మజ్‌హబ్‌లలో ఒకటి), దేవ్‌బందీ (ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ మదరసా సంప్రదాయం) చదువు, విశ్వాసంలో మాతురీదీ (ఒక సున్నీ సిద్ధాంత శాఖ). అంటే దక్షిణాసియాలో కోట్లమంది మామూలు సున్నీలు ఎక్కడున్నారో వీళ్లూ అక్కడే ఉన్నారు. అదే హనఫీ దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ 2008 ఫిబ్రవరిలో సభ పెట్టి ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని తేల్చింది. కాబట్టి మజ్‌హబ్ పేరు చూసి మనిషి తుపాకీ పడతాడో లేదో చెప్పలేం.

ఐఎస్‌ది సలఫీ జిహాదీ ధోరణి, అంటే తొలి తరాల ముస్లింల దారికే తిరిగి వెళ్లాలంటూ అందుకు ఆయుధం పట్టే ధోరణి. మాతురీదీ, అలాంటిదే మరో సున్నీ శాఖ అయిన అష్అరీ సిద్ధాంతాలే దారి తప్పినవని దాని వాదన. అందుకే దాని ఖొరాసాన్ (అఫ్గాన్ ప్రాంత) శాఖ తాలిబాన్‌ను ముర్తద్‌లంటూ (మతభ్రష్టులంటూ) చంపుతోంది.

అల్‌ఖైదాదీ సలఫీ ధోరణే, అయితే లెక్కలు వేసుకుని నడిచింది. 2005 జులైలో అల్‌ఖైదాలో అప్పటి రెండో నేత జవాహిరీ, ఇరాక్‌లో దాని శాఖ నాయకుడు జర్ఖావీకి రాసిన ఉత్తరం చూడండి. ఐఎస్ పుట్టింది ఆ శాఖ నుంచే. సామాన్య షియాల మీద దాడులు, గొంతులు కోసే వీడియోలు జనాన్ని దూరం చేస్తాయని హెచ్చరించాడు. హనఫీ, మాతురీదీ అయిన తాలిబాన్ నేత ముల్లా ఒమర్ ఎంత చేశాడో గుర్తుచేస్తూ, సిద్ధాంత భేదాలతో ఉలమాను (మతపండితులను) దూరం చేసుకోవద్దన్నాడు. తర్వాత 2014 ఫిబ్రవరిలో అల్‌ఖైదా ఐఎస్‌తో తెగతెంపులు చేసుకుంది.

ఇక హిజ్బుల్లా ఇస్నా అషరీ (పన్నెండు ఇమాములను నమ్మే) షియా, హూతీలు జైదీ అనే ఇంకో శాఖ షియా. హమాస్ ముస్లిం బ్రదర్‌హుడ్ నుంచి వచ్చిన సున్నీ సంస్థ. ఈ మూడూ ఐఎస్‌కు శత్రువులే.

ప్రశ్న (తెల్లకాగితం)

ధన్యవాదాలండీ. అయితే వీళ్లు మధ్యయుగ పండితుడు ఇబ్న్ తైమియాను ఉటంకిస్తారు కదా. అది కల్పితమా, నిజంగా ఆయన రాసిందేనా?

జవాబు (పాతసంచిక)

రాసిందే. తేడా అంతా అన్వయంలో ఉంది. ఇబ్న్ తైమియా (1263–1328) కాలంలో మంగోల్ పాలకులు ఇస్లాం స్వీకరించారు. అయినా చెంగిజ్‌ఖాన్ యాసా చట్టాన్ని వదల్లేదు, సిరియా మీద దండెత్తుతూనే ఉన్నారు. వాళ్లతో యుద్ధం చేయవచ్చని ఆయన ఫత్వా ఇచ్చారు. ఆరున్నర శతాబ్దాల తర్వాత ఈజిప్టులో అబ్దుస్సలామ్ ఫరజ్ అనే ఎలక్ట్రీషియన్ ఆ ఫత్వాను తెచ్చి తన దేశ పాలకుడికి తగిలించాడు. ఆ వాదన 1981 అక్టోబరు 6న సాదాత్ హత్యకు దారితీసింది.

1982 జనవరిలో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ జాద్ అల్ హఖ్ దీనికి జవాబిచ్చారు. ఇక్కడ మసీదులు తెరిచే ఉన్నాయి, జనం నమాజు, రోజా, జకాత్, హజ్ పాటిస్తున్నారు, కొన్ని అంశాల్లో షరియా అమలు కానంత మాత్రాన దేశాన్నీ పాలకుడినీ కాఫిర్ అనలేమన్నారు. అల్లాహ్ పంపినదాని ప్రకారం తీర్పు చెప్పనివాళ్లు కాఫిర్లనే ఖురాన్ 5:44 వచనం మీద ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ చెప్పినట్టు ప్రసిద్ధమైన వ్యాఖ్య కూడా, ఇలాంటిది మతం నుంచి బయటికి నెట్టే కుఫ్ర్ కాదనే అంటుంది.

జవాబు (గట్టుమీద)

ఒక చిన్న అభ్యంతరం. ‘ఖారిజీ’ అనే ముద్ర అంత సరిగ్గా అతకదు. పాత ఖారిజీలు మూడో ఖలీఫా ఉస్మాన్‌నూ అలీనీ తిరస్కరించారు. అర్హత ఉంటే ప్రవక్త తెగ అయిన ఖురైష్‌వాడు కాకపోయినా ఖలీఫా కావచ్చన్నారు. ఐఎస్ మాత్రం సహాబాలందరినీ (ప్రవక్త సహచరులను) గౌరవిస్తుంది, తన ఖలీఫా పేరు చివర ‘అల్ ఖురషీ’ అని తగిలించింది. పైగా ఈ ముద్ర రాజకీయ ఆయుధం కూడా. 2024లో పాకిస్తాన్ ప్రభుత్వం టీటీపీని (పాకిస్తానీ తాలిబాన్‌ను) అధికార పత్రాల్లో ‘ఫిత్నా అల్ ఖవారిజ్’ (ఖారిజీల కల్లోలం) అని రాయాలని ఆదేశించింది. తొలినాటి ఖారిజీల నుంచి వేరుపడ్డ శాఖగా చెప్పే, ఒమాన్‌లోని శాంతియుత ఇబాదీలను ఇదే పేరుతో పిలిస్తే వాళ్లకు ఎంతో నొప్పిగా ఉంటుంది. ముస్లిం పండితుల 2005 అమ్మాన్ ప్రకటన ఇబాదీతో కలిపి ఎనిమిది మజ్‌హబ్‌లను గుర్తించి, వాటిని పాటించేవాళ్ల మీద తక్‌ఫీర్‌ను నిషేధించింది. అది మరవకూడదు.

జవాబు (పాతసంచిక)

ఒప్పుకుంటాను. వంశం వేరు, పోలిక ఉన్నది తక్‌ఫీర్ పద్ధతిలోనే. అది ఎలా పెరుగుతుందో ఐఎస్ లోపలే చూడవచ్చు. పాలకుడు కాఫిర్ అన్నాక అతని పోలీసు, సైనికుడు కాఫిర్లయ్యారు. ఆ తర్వాత ఓటేసినవాడు. ఆ పైన, వీళ్లను కాఫిర్ అనడానికి సందేహించినవాడు. మరి సందేహించినవాడిని ఊరికే వదిలేసినవాడి సంగతి? గొలుసు ఎక్కడ ఆపాలో ఐఎస్ పండితులకే తెలియలేదు. తెలియక చేసినవాడికి మినహాయింపు లేదన్న హాజిమీ (ఒక సౌదీ పండితుడు) వర్గం ఒకవైపు, గొలుసు ఇలాగే సాగితే చివరికి ఖలీఫా కూడా మిగలడన్న ఐఎస్ పండితుడు తుర్కీ అల్ బిన్‌అలీ వర్గం ఇంకోవైపు తలపడ్డాయి. 2017 మేలో ఐఎస్ పాలక కమిటీ హాజిమీలకు దగ్గరగా ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఆ నెలాఖరుకే బిన్‌అలీ వైమానిక దాడిలో పోయాడు. సెప్టెంబరులో అదే కమిటీ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది.