సమాన హక్కులు ఇవ్వని దేశం కోసం వారు ఎందుకు పోరాడారు?

ఒంగోలులో డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తున్న నేను, తరగతిలో ఎదురైన ఈ ప్రశ్నపై మీ సహాయం కోరుతున్నాను. 1942లో అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి ప్రజలను ఇళ్ల నుంచి తరలించి నిర్బంధ శిబిరాల్లో ఉంచింది. అయినా మరుసటి ఏడాది జపాన్ సంతతి అమెరికన్లతో అమెరికా సైన్యంలో ఏర్పడిన 442వ రెజిమెంటల్ దళంలో, తల్లిదండ్రులు ముళ్లకంచె వెనుక ఉండగానే చేరి, ఇటలీ, ఫ్రాన్సులలో పోరాడిన యువకులు ఉన్నారు. మన దేశంలో, పంతొమ్మిదో శతాబ్దం చివర మహారాష్ట్ర ప్రాంతపు దళిత కులమైన మహర్లను సైన్యంలోకి తీసుకోవడం మానేసిన బ్రిటిష్ ప్రభుత్వమే, యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మహర్ రెజిమెంటును నెలకొల్పింది.

జీతం కోసమే వెళ్లారన్న జవాబు, పేదరికం ఎంత నిజమైనా, ఆ మనుషులకు అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. విదేశంలో నియంతృత్వంపై, స్వదేశంలో వివక్షపై రెండు విజయాలు కావాలని 1942లో అమెరికా నల్లజాతీయులు సాగించిన ‘డబుల్ వి’ ప్రచారాన్ని చూస్తే, ప్రాణాన్ని పణంగా పెట్టినవారికి పౌరసత్వాన్ని నిరాకరించడం కష్టమన్న ఆలోచన కనిపిస్తుంది. అయితే ఆ ఆశ ఫలించని చోట కూడా తర్వాతి తరం సైన్యంలో ఎందుకు చేరింది? ప్రకాశం, నెల్లూరు జిల్లాల దళితవాడల నుంచి సైన్యానికి వెళ్లివచ్చిన పెద్దలు దీని గురించి ఏమనేవారో, ఊరికి తిరిగివచ్చాక వారికి దక్కిన గౌరవం ఏపాటిదో తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.