రిమోట్ పనిచేయనప్పుడు కారు షెడ్డు మోటారు షట్టరును తెరవడం ఎలా?

ప్రశ్న (కర్నూలు నుండి)

కల్లూరు వైపున ఉన్న మా ఇంటి కింద కారు షెడ్డుకు మోటారుతో నడిచే షట్టరు బిగించి మూడేళ్లయింది. మొన్నటి నుండి రిమోట్ నొక్కితే దాని మీది చిన్న దీపం మసకగా వెలుగుతున్నది కానీ షట్టరు కదలడం లేదు. ఇంట్లో నుండి షెడ్డులోకి చిన్న తలుపు ఉన్నందున లోపలికి వెళ్లి, మోటారు పక్కన వేలాడే గొలుసును లాగి చూశాను, అదీ బిగుసుకుపోయినట్లున్నది. కారు లోపలే ఉండిపోయింది, సోమవారం అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. షట్టరును కోయించకుండా తెరిచే మార్గం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (అనంతపురం నుండి)

సార్, కోయించే మాట ఇప్పుడే వద్దు. ముందుగా షట్టరు అడుగు పట్టీకి రెండు వైపులా ఉండే గడియలను చూడండి. వాటిలో ఒక్కటి వేసి ఉన్నా గొలుసు కదలదు. గడియ వేసి ఉండగానే మోటారు నడిపితే రేకులు వంగిపోతాయి, ఆ ఖర్చు రిమోట్ ఖర్చుకు ఎన్నో రెట్లు. గడియలు తీసిన తర్వాత లోపలి గోడ మీది పెట్టెలో పైకి వెళ్లే బొత్తాన్ని నొక్కండి. షట్టరు లేచిందంటే మోటారు బాగున్నట్లే, లోపం రిమోట్‌లోనో దాని సంకేతాన్ని అందుకునే రిసీవరులోనో ఉన్నట్లు.

బొత్తానికి కూడా కదలకపోతే ఎమ్‌సీబీ (మోటారుకు వెళ్లే కరెంటును ఆపే స్విచ్) ఆపివేసి, ఆ తర్వాతే గొలుసు పట్టుకోండి. గొలుసుకు ఒక వైపు లాగితే షట్టరు లేస్తుంది, రెండో వైపు లాగితే దిగుతుంది. చాలామంది తప్పు వైపు లాగి చెడిపోయిందనుకుంటారు. దాని పక్కనే సన్నని తాడు గానీ చిన్న మీట గానీ ఉంటే అది బ్రేకును వదిలించేది. షట్టరు పైకి ఉన్నప్పుడు దానిని ఒక్కసారిగా లాగితే షట్టరు తన బరువుతో దిగివస్తుంది కనుక, కింద కారు గానీ పిల్లలు గానీ లేరని చూసుకోవాలి.

దీపం మసకగా ఉందన్నారు కనుక నా అనుమానం సెల్లు మీదనే. ఇటువంటి రిమోట్లలో సాధారణంగా 12 వోల్టుల చిన్న సెల్లు ఉంటుంది. 23ఏ, 27ఏ అని రెండు రకాలున్నాయి. పొడవు దాదాపు ఒకటే, కానీ 23ఏ కొంచెం లావు. పాత సెల్లు చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లడమే మేలు.

జవాబు (కడప నుండి)

పై జవాబుతో ఏకీభవిస్తూ రెండు మాటలు కలుపుతాను. కొత్త సెల్లు వేసినా దగ్గరికి వెళ్తేనే పనిచేస్తున్నట్లయితే, రిసీవరు పక్కన కొత్తగా ఎల్ఈడీ దీపం పెట్టించారేమో చూడండి. నాసిరకం దీపాల నుండి వెలువడే విద్యుత్ అలజడి రిమోట్ సంకేతాన్ని మింగేస్తుంది. మా ఇంట్లో నెల రోజులు సతాయించింది అదే. దీపం ఆర్పితే షట్టరు వీధి మలుపు నుండే కదిలేది.

రిసీవరులో రిమోట్‌ను నేర్పించే చిన్న బొత్తాన్ని మాత్రం తెలియకుండా ఎక్కువసేపు నొక్కి ఉంచకండి. కొన్నింటిలో అలా చేస్తే అంతకుముందు నేర్పిన రిమోట్లన్నీ చెరిగిపోతాయి. ఎండాకాలంలో పరీక్ష కోసమని షట్టరును పదే పదే ఎత్తి దించితే మోటారు వేడెక్కి తనంతట తానే ఆగుతుంది. అది చెడిపోవడం కాదు, చల్లారేదాకా ఆగితే మళ్లీ నడుస్తుంది. షెడ్డులోకి వేరే దారి లేనివారు మాత్రం బయటి గోడకు తాళంచెవి స్విచ్ పెట్టించుకోవాలి. అయితే కరెంటు పోతే అదీ పనిచేయదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎడమ వైపు గడియ వేసి ఉన్నది. ఎవరు వేశారో ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. అది తీసి గోడ మీది బొత్తాన్ని నొక్కగానే షట్టరు లేచింది, కారు బయటికి వచ్చింది. మాది 27ఏ సెల్లు, రేపు తెస్తాను. ఎల్ఈడీ దీపం కూడా ఉగాదికి పెట్టించినదే కనుక, దానిని ఆర్పి చూసి మళ్లీ రాస్తాను.