రెండు బ్యాటరీ బ్యాంకులు ప్యారలల్‌లో ఉన్నాయి, ఏది దెబ్బతిందో విడివిడిగా ఎలా చూడాలి?

కొండకింద తోట:

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె వైపు కొండ కింద మామిడితోట. కరెంటు స్తంభాలు కిలోమీటరున్నర అవతలే ఆగిపోయాయి, లైను లాగడానికి అయ్యే ఖర్చు విని పూర్తిగా సోలార్‌కే దిగాం. 24 వోల్టుల ఇన్వర్టర్, 1600 వాట్ల ప్యానెళ్ళు. బ్యాటరీలు రెండు సెట్లు. 2021లో కొన్న 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) ట్యూబులర్ లెడ్ బ్యాటరీలు రెండు (పాత బ్యాంకు), 2024లో కొన్న 200 ఏహెచ్‌వి రెండు (కొత్త బ్యాంకు). ఏ బ్యాంకుకు ఆ బ్యాంకులో రెండూ సిరీస్, బ్యాంకులు రెండూ ప్యారలల్.

నెల రోజులుగా తెల్లవారుజామున మూడింటికే ఇన్వర్టర్ కీచుమంటోంది. ఇదివరకు ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు వేసుకున్నా తెల్లారేదాకా లాగేది. షాపతను వచ్చి రెండు నిమిషాలు చూసి నాలుగూ మార్చేయండి అన్నాడు. వారంటీలో ఉన్నవాటిని కూడా ఎందుకు మార్చాలో అడిగితే సరైన జవాబు లేదు. బ్యాంకుకొకటి చొప్పున డిజిటల్ వోల్ట్ మీటర్ పెట్టుకున్నా గానీ రెండూ ఎప్పుడు చూసినా ఒకటే అంకె, ఇప్పుడు చూసినా రెండింట్లోనూ 24.8. ఇంకో సంగతి, పాత బ్యాంకులో పై బ్యాటరీ నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ తాగేస్తోంది, కిందది అసలు అడగదు. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

టవర్ బాబాయ్:

సెల్ టవర్ల బ్యాటరీలతో పద్దెనిమిదేళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి కాస్త చనువుగా చెప్తా, ఆ రెండు మీటర్లూ దండగ తమ్ముడూ. ప్యారలల్‌లో కలిపాక వోల్టేజీ రెండింటికీ ఒకటే. రెండు నీళ్ళ తొట్లను అడుగున పైపుతో కలిపి ఏ తొట్టిలో నీళ్ళు ఎక్కువున్నాయని మట్టం చూస్తే ఏం తెలుస్తుంది? చూడాల్సింది ఆ పైపులో ప్రవాహాన్ని, అంటే ఏ బ్యాంకు ఎన్ని ఆంపియర్లు ఇస్తోందో, ఎన్ని తీసుకుంటోందో. టవర్ దగ్గర 48 వోల్టుల బ్యాంకులు రెండుంటాయి, ఒక్కోదానిలో 2 వోల్టుల సెల్స్ 24. అక్కడా మేం మొదట చూసేది ఇదే.

డీసీ క్లాంప్ మీటర్ ఒకటి అరువు తెచ్చుకో, కేబుల్‌ను విప్పకుండా చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది. డీసీ అని మళ్ళీ చెప్తున్నా, ఎలక్ట్రీషియన్ల జేబులో ఉండే మామూలు క్లాంప్ చాలావరకు ఏసీ మాత్రమే చదువుతుంది, నీ కేబుల్‌కు పెడితే సున్నా చూపించి నిన్ను తికమక పెడుతుంది. పెట్టేముందు జీరో నొక్కు. రాత్రిపూట ప్యానెళ్ళు లేనప్పుడు, కదలకుండా నిలిచే లోడు ఏదైనా వేసి రెండు బ్యాంకుల కేబుళ్ళలో విడివిడిగా కొలువు. రెండూ ఆరోగ్యంగా ఉంటే 150కీ 200కీ తగ్గట్టు పంచుకోవాలి, అంటే 40 ఆంపియర్లకు సుమారుగా 17, 23. మరీ తేడా ఉంటే బ్యాటరీని తిట్టేముందు లగ్గులు (కేబుల్ కొనకు నొక్కే లోహపు తొడుగులు) చూడు. లోడు నడుస్తుండగానే మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ పోస్టు మీద, ఇంకో కొన కేబుల్ లగ్గు మీద. అక్కడ మిల్లీవోల్టుల్లోనే ఉండాలి.

సోల్డరింగ్ పిచ్చోడు:

బాబాయ్ చెప్పింది ఒక రాత్రికి సరిపోతుంది, రోజూ చూడాలంటే షంట్లు, అంటే దాటే కరెంటును బట్టి చిన్న వోల్టేజీ చూపించే రెసిస్టర్లు, పెట్టుకోవాల్సిందే. ఒక్కో బ్యాంకు నెగెటివ్‌లో ఒక షంట్, ఆ షంట్ల రెండో చివరలన్నీ ఒకే బస్‌బార్ (తీగలన్నీ కలిసే లోహపు పట్టీ) మీదకి, ఇన్వర్టర్ నెగెటివ్, చార్జ్ కంట్రోలర్ నెగెటివ్ కూడా ఆ బస్‌బార్ మీదే. బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద షంట్ తీగ తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఒక చిన్న లైటు తీగను నేరుగా పోస్టుకు బిగించినా అది తాగే కరెంటు షంట్‌కు కనపడదు, లెక్క రోజురోజుకూ జారిపోతుంది.

నేనైతే 100 ఆంపియర్లు 75 మిల్లీవోల్టుల షంట్లు రెండు, ఆ షంట్లను చదివే ఐఎన్ఏ226 చిప్పు బోర్డులు రెండు, ఒక ఈఎస్పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు)తో చేశా. బోర్డు మీద ఉండే చిన్న రెసిస్టర్ తీసేసి బయటి షంట్ కలపాలి. ఐఎన్ఏ219 చవకగా దొరుకుతుంది కదాని కొనొద్దు. దాని హద్దు 26 వోల్టులు, మన 24 వోల్టుల బ్యాటరీ చార్జింగ్‌లో 28.8 దాకా పోతుంది. నేను కొన్నా. మొదటి ఎండకే పోయింది, ఆ వాసన ఇంకా గుర్తుంది. 226 అయితే 36 దాకా తట్టుకుంటుంది.

వైరింగ్ గోల వద్దనుకుంటే బ్యాంకుకొక విక్ట్రాన్ కంపెనీ రెడీమేడ్ స్మార్ట్‌షంట్ పెట్టుకుని ఫోన్లో చూసుకోవచ్చు, ఖర్చు ఎక్కువ. కానీ ఒక్కటే కొని దాని అదనపు వైరుతో రెండో బ్యాంకును కూడా చూసేస్తానని అనుకోకండి, ఆ వైరు రెండో బ్యాటరీ వోల్టేజీని మాత్రమే చూపిస్తుంది, ఆంపియర్లను కాదు. దాన్ని సిరీస్ మధ్య లింకుకు కలిపితే మాత్రం బంగారం, బ్యాంకులో పైదీ కిందదీ ఎంత తేడాగా ఉన్నాయో చెప్తుంది. మీ నీళ్ళ సంగతి చూస్తే నాకు అనుమానం అక్కడే. ముందు మల్టీమీటర్‌తో నాలుగు బ్యాటరీలనూ ఒక్కొక్కటిగా కొలవండి.

లిథియంకి మారినోణ్ణి:

ఇదంతా ఎందుకు బ్రో, ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాకులు పెట్టేయ్. ప్రతి ప్యాకుకు సొంత బీఎంఎస్ (సెల్స్‌ను కాపలా కాసే బోర్డు), బ్లూటూత్‌లో సెల్ వారీగా వోల్టేజీ కనిపిస్తుంది.

టవర్ బాబాయ్:

ఉన్నవాటితో ఎలాగని అడిగాడయ్యా. పైగా లెడ్ పక్కన లిథియం ప్యాకు తెచ్చి ప్యారలల్ కలిపేస్తే కొత్త తలనొప్పి.

కొండకింద తోట:

క్లాంప్ మీటర్ దొరకడానికే నాలుగు రోజులు పట్టింది. నిలకడ లోడు కోసం 750 వాట్ల ఇస్త్రీ పెట్టె ఫుల్లులో పెట్టి, ఫ్యాన్లూ లైట్లూ వేశా. రాత్రి పదింటికి ఈ ఇస్త్రీ ఏంట్రా అని మా అమ్మ.

మొత్తం 40 ఆంపియర్లు. పాత బ్యాంకు 7, కొత్త బ్యాంకు 33! బాబాయ్ చెప్పినట్టు లగ్గు మీద పెడితే పాత బ్యాంకు నెగెటివ్ దగ్గర 0.3 వోల్టులు. విప్పి చూస్తే లగ్గు లోపల పచ్చగా చిలుము. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గీకి, కొత్త లగ్గు క్రింప్ చేయించి వాజలిన్ రాశా. మళ్ళీ కొలిస్తే 12, 28. మెరుగే గానీ 17 అయితే రాలేదు.

తర్వాత అన్నీ ఆపేసి, రెండు గంటలాగి ఒక్కొక్కటిగా కొలిచా. కొత్త బ్యాంకులో రెండూ 12.4. పాత బ్యాంకులో పైది 12.7, కిందది 12.1. కూడితే రెండు వైపులా 24.8. నా మీటర్లు ఇన్నాళ్ళూ నిజమే చెప్పాయి, పనికిరాని నిజం.

టవర్ బాబాయ్:

ఆ కింది బ్యాటరీకి 12 వోల్టుల సామానేమైనా తగిలించావా? సీసీ కెమెరా, మోడెమ్, అలాంటిది?

కొండకింద తోట:

అయ్యో. సోలార్ ఫెన్సింగ్ మెషీన్! అడవిపందుల కోసం పోయినేడు పెట్టాం. దాని సొంత బ్యాటరీ పోతే, బిగించినతను వచ్చి ఈ కింది బ్యాటరీకి రెండు క్లిప్పులు తగిలించి వెళ్ళాడు, 12 వోల్టులే కదా అని. నేనూ మర్చిపోయా. ఇప్పుడు కొలిస్తే 0.3 ఆంపియర్లు, రాత్రింబవళ్ళు నడుస్తుంది.

సోల్డరింగ్ పిచ్చోడు:

అంటే రోజుకు 7 ఏహెచ్ పైన, కేవలం ఒక్కదాన్నుంచే. చార్జర్ చూసేది రెండింటి మొత్తాన్ని, అది 28.8 కాగానే చాలనుకుంటుంది. అప్పటికి కిందది సగం ఆకలితో ఉంటుంది, పైది పొంగిపోయి నీళ్ళు ఆవిరి చేసుకుంటుంది. మీ డిస్టిల్డ్ వాటర్ పోయింది అక్కడికే. ఫెన్సింగ్ మెషీన్‌కు 24 నుంచి 12కు దించే డీసీ కన్వర్టర్ పెట్టి, దాని నెగెటివ్ బస్‌బార్ మీదకి తెచ్చేయండి.

టవర్ బాబాయ్:

కింది బ్యాటరీని విప్పి విడిగా 12 వోల్టుల చార్జర్‌కు రెండు రోజులు పెట్టు. ముందూ తర్వాతా ఆరు సెల్స్‌కూ గ్రావిటీ (యాసిడ్ సాంద్రత, చార్జి పెరిగితే పెరుగుతుంది) రాసుకో, హైడ్రోమీటర్ పెద్ద ఖరీదేం కాదు. మళ్ళీ ప్యారలల్‌లో కలిపేటప్పుడు బ్యాంకులు రెండింటి వోల్టేజీ దగ్గరగా ఉన్నప్పుడే కలుపు, లేకపోతే ఒకదాన్నుంచి ఇంకోదానికి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. బ్యాంకుకొక డీసీ ఫ్యూజు ఉందా? లేదంటే ముందు ఆ పని చూడు, షంట్లు తర్వాత.

కొండకింద తోట:

ఫ్యూజులు పెట్టించా, బాబాయ్. చార్జర్‌కు పెట్టేముందు కింది బ్యాటరీలో అన్ని సెల్స్ గ్రావిటీ 1150 దగ్గర ఉంది. రెండు రోజుల చార్జింగ్ తర్వాత నాలుగు సెల్స్ 1230కి వచ్చాయి, రెండు 1190 దగ్గరే మొరాయిస్తున్నాయి. ఇంకో రోజు ఉంచుతున్నా. ఈలోగా కొత్త బ్యాంకు ఒక్కదాని మీదే నడుపుతుంటే నిన్న ఇన్వర్టర్ ఐదున్నర దాకా అరవలేదు. 226 బోర్డులు రెండు ఆర్డర్ పెట్టా. పిచ్చోడి గారూ, ఆ చిన్న రెసిస్టర్ తీయడానికి నా మామూలు సోల్డరింగ్ ఐరన్ సరిపోతుందా, ఇంకేమైనా కావాలా?